యానం వేరు, నికాయం వేరు: బౌద్ధంలో శాఖల లెక్క

గ్రూప్స్ పరీక్షలకు చదివేవాళ్ల నోట్సు ఏది తిప్పినా బౌద్ధంలో శాఖల గురించి ఒక పట్టిక కనిపిస్తుంది. ఎడమవైపు హీనయానం, కుడివైపు మహాయానం. వీళ్లు బుద్ధుణ్ణి గురువుగా చూశారు, వాళ్లు దేవుడిగా కొలిచారు. వీళ్లది పాళీ, వాళ్లది సంస్కృతం. వీళ్లది స్తూపం, వాళ్లది విగ్రహం. కింద ఇంకో గీత కొట్టి వజ్రయానం. మార్కుల వరకూ ఇది చాలు. ఆ పట్టిక చేత్తో పట్టుకుని నాగార్జునకొండకు వెళ్తేనే చిక్కు. అక్కడ బయటపడినవాటిలో దేన్ని ఏ గడిలో పెట్టాలో తెలియదు.

క్రీ.శ. 3, 4 శతాబ్దాల్లో ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి ఆ లోయలోనే ఉండేది. ఇప్పుడు ఆ లోయ సాగర్ నీళ్ల కింద ఉంది. డ్యామ్ కట్టేలోపే పని ముగించాలని 1954 నుంచి 1960 దాకా హడావుడిగా తవ్వి, దొరికిన కట్టడాల్లో కొన్నింటిని కొండ మీదికి, కొన్నింటిని ఒడ్డున ఉన్న అనుపుకు తరలించారు. అక్కడి శాసనాల్లో అపరమహావినశైలీయులు, బహుశ్రుతీయులు, మహీశాసకులు, సింహళ దేశపు థేరవాదులు అని నాలుగు సంఘాల పేర్లు కనిపిస్తాయి. నలుగురూ ఒకే లోయలో, ఒకరికొకరు నడిచి వెళ్లేంత దగ్గర్లో ఉన్నారు. రాజులు అశ్వమేధాలు చేస్తుంటే, వాళ్లింటి ఆడవాళ్లు ఈ ఆరామాల్లో చాలావాటికి దానాలిచ్చారు. అక్కడి పెద్ద స్తూపమైన మహాచైత్యానికి పెద్ద దాత చాంతిసిరి, ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడికి మేనత్త. ఇక విగ్రహం సంగతి. అక్కడి కొన్ని ఆరామాల్లో రెండేసి చైత్యగృహాలు ఎదురెదురుగా ఉంటాయి. ఒకదాంట్లో స్తూపం, రెండోదాంట్లో బుద్ధుడి విగ్రహం. పట్టికలో గీతకు ఇటూ అటూ ఉండాల్సినవి ఒకే ప్రాంగణంలో ఉన్నాయి.

శాసనాల్లో పొరపాటేమీ లేదు. ‘శాఖ’ అనే ఒకే మాటను మూడు వేర్వేరు సంగతులకు వాడటంతో వచ్చిన చిక్కు ఇది. ఒక భిక్షువును ఎవరైనా మూడు ప్రశ్నలు అడగొచ్చు. ఏ నియమావళి కింద దీక్ష తీసుకున్నారు? దీనికి జవాబు నికాయం. సాధన చేసి చివరికి ఏమవుదామని, తమ విముక్తి తాము సాధించుకున్న అర్హంతులవుదామనా, బుద్ధులవుదామనా? దీనికి జవాబు యానం. ఈ ప్రపంచం అసలు ఎలాంటిది అంటారు? దీనికి జవాబు వాదం, అంటే దర్శనం. బౌద్ధం మన దేశంలో బతికున్నన్నాళ్లూ ఈ మూడు జవాబుల్నీ కలిపి ముడేసి ఉంచలేదు. మహాసాంఘిక నికాయంలో దీక్ష తీసుకున్నవాడు మహాయాన సూత్రాలు చదువుకోవచ్చు. సర్వాస్తివాదుల దగ్గర దీక్ష తీసుకున్నవాడు నాగార్జునుడి దర్శనాన్ని పాటించే మాధ్యమికుడు కావొచ్చు. దేశం దాటాకే ఒక్కో చోట ఒక్కో కలయిక గట్టిపడింది. మనకు ఇవాళ శాఖలుగా కనిపిస్తున్నవి చాలావరకు ఆ కలయికలే.

కంచు గిన్నెలో నాణేలు

మొదటి పెద్ద తగాదా ఎక్కడ మొదలైందో చూస్తే నికాయం అంటే ఏమిటో అర్థమవుతుంది. బుద్ధుడు పోయిన సుమారు నూరేళ్లకు యశుడు అనే భిక్షువు వైశాలికి వచ్చాడు. ఉపోసథ రోజున, అంటే సంఘం కూడే వ్రతదినాన, అక్కడి వజ్జి భిక్షువులు ఒక కంచు గిన్నెలో నీళ్లు పోసి, సంఘం మధ్యలో పెట్టి, వచ్చిన గృహస్థులను డబ్బు వేయమంటున్నారు. కార్షాపణమో, అందులో సగమో, పావో, ఎంతైనా సరే, సంఘానికి ఖర్చులుంటాయి కదా అని. వెయ్యొద్దని యశుడు అక్కడే గృహస్థులకు చెప్పాడు. అయినా వేశారు. రాత్రి గడిచాక భిక్షువులు ఆ డబ్బు వాటాలు వేసుకుని, ఇదిగో నీ వంతు అని యశుడికీ ఇవ్వబోయారు. అతను తీసుకోలేదు. దాతల మనసు కష్టపెట్టావు, వెళ్లి క్షమాపణ చెప్పమని వాళ్లు అతని మీద చర్యకు దిగారు. ఆ వెళ్లడంలోనే అతను ఊరి జనాన్ని తన వైపు తిప్పుకున్నాడు. ఇదంతా పాళీ వినయపిటకం చెప్పే కథ. ఇక్కడ ‘వినయం’ అంటే సంఘ నియమావళి.

చివరికి ఏడు వందల మంది భిక్షువులు కూడి పది అంశాల మీద తీర్పు చెప్పారు. బంగారం, వెండి తీసుకోవచ్చా అన్నది వాటిలో ఒకటి. కొమ్ములో ఉప్పు దాచుకుని, ఉప్పు లేని భోజనం దొరికినప్పుడు కలుపుకోవచ్చా? మధ్యాహ్నం దాటి నీడ రెండు వేళ్ల మేర జరిగాక కూడా తినొచ్చా? ఇంకా పులియని కల్లు తాగొచ్చా? అంచుల్లేని ఆసనం వాడొచ్చా? పదీ కుదరవని తేల్చారు. గమనించాల్సింది ఏమిటంటే, ఆ పదింటిలో ఆత్మ గురించి గానీ నిర్వాణం గురించి గానీ ఒక్క ప్రశ్నా లేదు.

ఉప్పు కోసం ఇంత గొడవా అనిపించొచ్చు. కానీ సంఘం నడిచే తీరు అలాంటిది. పక్షానికోసారి ఒక సీమలో ఉన్న భిక్షువులంతా ఒకచోట కూర్చుని ప్రాతిమోక్షాన్ని, అంటే తమ నియమాల జాబితాను, మొదటి నుంచి చివరి దాకా పారాయణం చేయాలి. జాబితా వేరైతే కలిసి కూర్చోలేరు. కలిసి కూర్చోకపోతే కొత్తవాళ్లకు కలిసి దీక్ష ఇవ్వలేరు. మన ఊళ్లలో అన్నదమ్ములు వేరు పడినట్టే ఇది. పొయ్యి వేరవుతుంది, ఇంటిపేరు మారదు. అసలు సంఘాన్ని చీల్చడమే మహాపాపమని వినయం చెబుతుంది. చీల్చినవాళ్లకు కాషాయం తీసేసి తెల్లబట్టలు కట్టించి ఆవాసం బయట పెట్టాలని అశోకుడు సారనాథ్, సాంచి, కౌశాంబి శాసనాల్లో హెచ్చరించాడు. అంత గట్టిగా చెప్పాడంటే అప్పటికే సమస్య ముదిరిందన్నమాట.

మహాసాంఘికులు, స్థవిరులు అని సంఘం రెండుగా విడిపోయిన అసలు చీలిక గురించి మాత్రం ఒక్కో పక్షం ఒక్కో కథ చెబుతుంది. ఈ పది అంశాల మీదే ఓడినవాళ్లు విడిపోయి మహాసాంఘికులయ్యారని సింహళ గ్రంథాల మాట. అర్హంతుడికి కూడా లోపాలుంటాయంటూ మహాదేవుడు లేవదీసిన ఐదు ప్రతిపాదనల వల్ల విడిపోయారని సర్వాస్తివాదుల మాట. పెద్దలే పాత వినయానికి కొత్త నియమాలు చేర్చబోయారు, మేం ఒప్పుకోలేదు, ఎక్కువమంది మా వైపు ఉన్నారు కాబట్టే మాది ‘మహా సంఘం’ అయింది అని మహాసాంఘికుల మాట. ఇప్పటికీ మిగిలిన ప్రాతిమోక్షాలను లెక్కపెడితే, భిక్షువులకు మహాసాంఘికుల నియమాలు 218, థేరవాదులవి 227, ధర్మగుప్తకులవి 250. తక్కువ ఉన్నది మహాసాంఘికులకే. దీన్నిబట్టి మూడో కథ వైపు మొగ్గిన పండితులున్నారు. ఓడినవాళ్ల మాట పక్కనపెట్టి గెలిచినవాళ్ల మాట ఒక్కటే చరిత్రగా చదువుకుంటున్నామేమో అన్న అనుమానానికి ఇక్కడ గట్టి ఆధారమే ఉంది.

ఆంధ్రకులు ఏమన్నారు

వేరు పడ్డాక వాదాలు పుట్టడం మామూలే. సంప్రదాయం పద్దెనిమిది నికాయాలని చెబుతుంది గానీ, పేర్లు రాసుకుంటూ పోతే అంతకన్నా ఎక్కువే వస్తాయి. కాశ్మీరం, గాంధారాల్లో బలంగా ఉన్న సర్వాస్తివాదులకు ఆ పేరు వాళ్ల వాదం నుంచే వచ్చింది. గతం, వర్తమానం, భవిష్యత్తు మూడు కాలాల ధర్మాలూ, అంటే ప్రపంచంలోని మూల అంశాలూ, ‘ఉన్నాయి’ అనేవాళ్లు. ఉండకపోతే నిన్న చేసిన కర్మ రేపు ఫలం ఎలా ఇస్తుంది అని వాళ్ల ప్రశ్న. సమ్మితీయులు ఇంకో అడుగు వేసి ‘పుద్గలుడు’ అనే వ్యక్తి ఒకడున్నాడన్నారు. అతను శరీరం, మనసు తానే కాదు, వాటికి వేరుగానూ లేడు, కట్టెకూ నిప్పుకూ ఉన్న సంబంధంలాంటిది అన్నారు. ఆత్మ లేదన్న మతంలోకి దొడ్డిదారిన ఆత్మను తెస్తున్నారని మిగతా నికాయాలన్నీ వాళ్ల మీద పడ్డాయి. అయితే 7వ శతాబ్దంలో చైనా యాత్రికుడు హ్యుయాన్‌త్సాంగ్ ఇచ్చిన లెక్కల్లో నికాయాలన్నింటిలోకీ ఎక్కువమంది భిక్షువులున్నది సమ్మితీయులకే. ఇవాళ వాళ్లలో ఒక్కరూ లేరు. పాఠ్యపుస్తకాల్లో పేరు కూడా లేదు.

మన ప్రాంతపు నికాయాలకు సింహళ వ్యాఖ్యానాల్లో ఉమ్మడి పేరు ‘అంధకులు’, అంటే ఆంధ్రులు. పూర్వశైలీయులు, అపరశైలీయులు, రాజగిరికులు, సిద్ధార్థికులు వీళ్లలోవాళ్లు. అందరూ మహాసాంఘికుల కొమ్మలు. అమరావతి స్తూపం చైతికీయ నికాయం అధీనంలో ఉందని వాసిష్ఠీపుత్ర పులుమావి కాలపు శాసనం చెబుతుంది. థేరవాదుల వాదగ్రంథం కథావత్థు, దాని వ్యాఖ్యానం కలిపి చదివితే ఈ ఆంధ్రకులతో జరిగిన వాదనలు వరసగా కనిపిస్తాయి. మహాసాంఘికుల్లో బుద్ధుడు లోకోత్తరుడన్న భావన బలంగా ఉండేది. అది ఎంతదూరం పోయిందంటే, బుద్ధుడి మలమూత్రాలు కూడా ఏ సుగంధానికీ తీసిపోవని కొందరు ఆంధ్రకులు అన్నారట. దానికి థేరవాది వేసిన ప్రశ్న భలే ఉంటుంది. అయితే బుద్ధుడు అత్తరు తిన్నాడా, అన్నం తిన్నాడా? అన్నమే అని అవతలివాడు ఒప్పుకోక తప్పలేదు. నవ్వొచ్చే సంవాదమే గానీ, వెనకున్న ప్రశ్న చిన్నది కాదు. బుద్ధుడు మనలాంటి మనిషా, లేక మనకోసం మనిషిలా కనిపించిన ఇంకెవరైనానా? ఈ ప్రశ్నను ఆంధ్రకుల దగ్గర్నుంచి మహాయాన సూత్రాలు అందుకున్నాయి.

ఇక్కడే యానం వస్తుంది. మహాయానం ఒక నికాయంగా పుట్టలేదు. దానికి సొంత ప్రాతిమోక్షం లేదు. అది ఒక ఆశయం. నా ఒక్కడి విముక్తి చాలదు, ఎన్ని జన్మలైనా సరే బుద్ధుణ్ణయి అందర్నీ దాటిస్తాను అనుకునే బోధిసత్త్వుడి దారి. ఆ ఆశయం పెట్టుకున్నవాళ్లు తమ తమ నికాయాల్లోనే ఉంటూ, అదే ఆరామంలో నిద్రపోతూ, అదే ప్రాతిమోక్షం చదువుతూ కొత్త సూత్రాలు కూడా చదువుకున్నారు. 7వ శతాబ్దం చివర్లో భారతదేశంలో ఏళ్లతరబడి ఉన్న చైనా భిక్షువు ఇత్సింగ్ దీన్ని సూటిగా రాశాడు. ఇద్దరి వినయమూ ఒకటే. బోధిసత్త్వులను పూజించి మహాయాన సూత్రాలు చదివేవాళ్లను మహాయానులంటారు, చదవనివాళ్లను హీనయానులంటారు. అంతే తేడా. ‘హీన’ అన్నది అవతలివాళ్లు పెట్టిన తిట్టు కాబట్టి, ఆ పేరును ఎవరూ తమకు తాము పెట్టుకోలేదు. దాన్ని థేరవాదానికి ఇంకో పేరుగా వాడటం ఇంకా పెద్ద తప్పు. ఆ తిట్టు తిన్న నికాయాల్లో థేరవాదం ఒకటి మాత్రమే.

ప్రజ్ఞాపారమిత, అంటే ‘పరిపూర్ణ ప్రజ్ఞ’ అనే మహాయాన బోధ, దక్షిణాపథంలో ముందు వ్యాపిస్తుందని అష్టసాహస్రిక ప్రజ్ఞాపారమితా సూత్రంలో ఒక జోస్యం ఉంది. జోస్యాలు సాధారణంగా జరిగినదాన్ని చూశాకే రాస్తారు కాబట్టి, మహాయానానికి ఆంధ్రదేశంలో తొలి వేళ్లున్నాయనేవాళ్లకు ఇదొక ఆధారం. గాంధారంలో దొరికిన తొలి రాతప్రతులు చూపి ఉత్తరాది వైపు వాదించేవాళ్లూ ఉన్నారు. నాగార్జునుడి విషయంలో దక్షిణాది బలం ఎక్కువ. ఆయన రత్నావళి, సుహృల్లేఖ ఒక శాతవాహన రాజుకు రాసిన హితవులని సంప్రదాయం. రత్నావళిలో ఆయన, మహాయానాన్ని ఎగతాళి చేస్తున్నవాళ్ల గురించి రాజు ముందు వాపోతాడు. పట్టిక చదివినవాళ్లకు మహాయానం వచ్చి హీనయానాన్ని తుడిచిపెట్టిందనిపిస్తుంది. అసలు మూలంలో కనిపించేది, నలుగురిలో నవ్వులపాలవుతున్న ఒక చిన్న గుంపు.

నాగార్జునుడు తెచ్చిన మాధ్యమికం మన మూడో ప్రశ్నకు, అంటే వాదానికి, చెందిన జవాబు. ప్రతిదీ వేరే వాటిని ఆనుకుని పుడుతుంది కాబట్టి దేనికీ సొంత స్వభావం లేదు, అదే శూన్యత అన్నాడు. కుండను తీసుకుంటే మట్టి, నీళ్లు, సారె, కుమ్మరి చేయి, దాన్ని కుండ అని పిలిచే మాట, ఇవన్నీ తీసేశాక ‘కుండతనం’ ఎక్కడా మిగలదు. లేదు అనడం కాదిది. ఉన్నది ఎలా ఉందో చెప్పడం. తర్వాత 4, 5 శతాబ్దాల్లో పురుషపురానికి చెందిన అసంగుడు, వసుబంధువు యోగాచారాన్ని నిలబెట్టారు. మనకు తెలిసేదంతా మన చిత్తంలో తోచినదే అన్నది వాళ్ల మొదలు. భారతదేశంలో మహాయానమంటే ఈ రెండు దర్శనాలే అని ఇత్సింగే రాశాడు.

హ్యుయాన్‌త్సాంగ్ ధాన్యకటకానికి, అంటే అమరావతి ప్రాంతానికి, వచ్చేసరికి చాలా ఆరామాలు పాడుబడ్డాయి. అయినా అక్కడ కొన్ని నెలలు ఆగాడు. సుభూతి, సూర్యుడు అనే ఇద్దరు భిక్షువుల దగ్గర మహాసాంఘికుల అభిధర్మం, అంటే తత్త్వశాస్త్రం, నేర్చుకున్నాడు. బదులుగా వాళ్లు అతని దగ్గర మహాయాన శాస్త్రాలు నేర్చుకున్నారు. ఎవరూ ఎవరి శాఖలోకీ మారలేదు. ఒకరికి తెలిసింది ఇంకొకరికి చెప్పుకున్నారు, అంతే.

వజ్రయానం కూడా ఇలా లోపలి నుంచే పెరిగింది. లక్ష్యం మహాయానానిదే. దారిలో మంత్రం, మండలం, గురువు ఇచ్చే అభిషేకం చేరాయి. శ్రీకాకుళం దగ్గర శాలిహుండంలో తార, మారీచి అనే దేవతల విగ్రహాలు దొరికాయి. అనకాపల్లి దగ్గర బొజ్జన్నకొండ మీద తొలిస్తూపాల నుంచి వజ్రయానం దాకా అన్ని దశల ఆనవాళ్లూ ఒకే కొండ మీద ఉన్నాయి. బుద్ధుడు కాలచక్ర తంత్రాన్ని ధాన్యకటకంలో బోధించాడని టిబెటన్ల నమ్మకం. తంత్రగ్రంథం చాలా తర్వాతిదని చరిత్రకారులంటారు. నమ్మకం మాత్రం గట్టిది. 1416లో లాసా దగ్గర కట్టిన డ్రేపుంగ్ మఠం పేరుకు అర్థం ‘ధాన్యపు కుప్ప’. అది ధాన్యకటకానికి టిబెటన్ అనువాదమే. 2006 జనవరిలో దలైలామా అమరావతికి వచ్చి కాలచక్ర అభిషేకం ఇచ్చారు. టీవీల్లో చూసినవాళ్లకు ఇక్కడికే ఎందుకు వచ్చారో చాలామందికి తెలియలేదు.

మూడు దారాలు

ఇవాళ ప్రపంచంలో బతికున్న దీక్షా పరంపరలు మూడే. థేరవాదం శ్రీలంక, మయన్మార్, థాయిలాండ్, కంబోడియా, లావోస్‌లలో ఉంది. ధర్మగుప్తక వినయం చైనా, తైవాన్, కొరియా, వియత్నాంలలో నడుస్తోంది. మూలసర్వాస్తివాద వినయం టిబెట్, మంగోలియా, భూటాన్‌లది. ఆంధ్రకుల మహాసాంఘిక పరంపర పూర్తిగా తెగిపోయింది.

థేరవాదాన్ని మార్పే లేని పాత బౌద్ధమని అనుకోవడం మామూలే. పాళీ త్రిపిటకం భద్రంగా ఉన్నమాట నిజం. క్రీ.పూ. 1వ శతాబ్దంలో కరవు, దండయాత్రల మధ్య నోటిపాఠం పోతుందేమోనన్న భయంతో శ్రీలంకలోని అలువిహారలో దాన్ని తాటాకుల మీదికి ఎక్కించారు. కానీ ఆ దీవిలోనూ అనురాధపురంలో మహావిహారం, అభయగిరి అని రెండు పక్షాలు శతాబ్దాల తరబడి పోట్లాడుకున్నాయి. అభయగిరిలో మహాయాన గ్రంథాలూ చదివేవాళ్లు. 12వ శతాబ్దంలో పరాక్రమబాహు రాజు అందర్నీ మహావిహారం కిందికి తెచ్చాకే ఇప్పటి ఏకరూపం వచ్చింది.

ఆ ఏకరూపం కూడా నిలవలేదు. దాని కథ మనకు బాగా తెలిసిన కథలాగే ఉంటుంది. 18వ శతాబ్దానికి శ్రీలంకలో పూర్తి దీక్ష ఉన్న భిక్షువే మిగల్లేదు. అప్పుడు కాండీని ఏలుతున్నది కీర్తిశ్రీ రాజసింహుడు. మదురై వైపు నుంచి వెళ్లిన, తెలుగు మూలాలున్న నాయక్కర్ వంశం ఆయనది. ఆయన థాయిలాండ్‌కు రాయబారం పంపి భిక్షువులను రప్పించాడు. 1753లో ఉపాలి థేరుడు వచ్చి దీక్షలిచ్చాడు. అలా వచ్చింది సియాం నికాయం. కొద్దికాలానికే ఆ నికాయంలో పూర్తి దీక్ష ‘గోవిగమ’ అనే రైతు కులానికే పరిమితమైపోయింది. దాల్చినచెక్క ఒలిచే సలాగమ కులస్తులు ఊరుకోలేదు. వాళ్లలోంచి ఒక శ్రామణేరుడు, అంటే పూర్తి దీక్ష ఇంకా అందని భిక్షువు, ఓడెక్కి బర్మా వెళ్లి, అక్కడ దీక్ష తీసుకుని 1803లో తిరిగొచ్చాడు. అక్కడి రాజధాని పేరు మీద అది అమరపుర నికాయం అయింది. ఈ రెండు నికాయాలకూ త్రిపిటకం ఒకటే, 227 నియమాలూ ఒకటే, నిర్వాణమూ ఒకటే. తేడా వచ్చింది కులం దగ్గర. దీన్ని ఏ యానంలో చేర్చాలో పట్టిక చెప్పదు.

చైనాలో కథ ఇంకోలా నడిచింది. అక్కడికి నాలుగైదు నికాయాల వినయ గ్రంథాలు అనువాదమై వెళ్లాయి. ఫాహియాన్ పాటలీపుత్రంలో మహాసాంఘిక వినయాన్ని, శ్రీలంకలో మహీశాసక వినయాన్ని సంపాదించి తీసుకెళ్లాడు. 7వ శతాబ్దంలో దావోషువాన్ అనే ఆచార్యుడి కృషి తర్వాత ధర్మగుప్తక వినయమే అందరిదీ అయింది. కాబట్టి తియెంతాయ్, హువాయెన్, చాన్, సుఖావతి అని మనం వినే చైనా శాఖలు దీక్షలో వేరు కావు. ఏ సూత్రాన్ని నెత్తిన పెట్టుకున్నారు, ఏ సాధన చేస్తున్నారు అన్నదే తేడా. అందుకే అక్కడి ఆలయాల్లో పొద్దున ధ్యానానికి కూర్చున్న భిక్షువే సాయంత్రం అమితాభ బుద్ధుడి నామజపం చేస్తే ఎవరికీ వింతగా ఉండదు. 845లో చక్రవర్తి వేల ఆలయాలను మూయించినప్పుడు, పెద్ద గ్రంథాలయాల మీద, రాజపోషణ మీద ఆధారపడ్డ శాఖలు కుదేలయ్యాయి. ధ్యానానికీ జపానికీ అంత సరంజామా అక్కర్లేదు, అవి నిలిచాయి.

టిబెట్‌లో నింగ్మా, కగ్యు, సాక్య, గెలుగ్ అనే నాలుగు సంప్రదాయాలదీ అదే తీరు. వినయం అందరిదీ మూలసర్వాస్తివాదం, ఆశయం మహాయానం, సాధన వజ్రయానం. గురుపరంపరలు వేరు. దలైలామా గెలుగ్‌వారే అయినా ఆ సంప్రదాయానికి పదవిరీత్యా పెద్ద గాందెన్ త్రిపా. ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పుకోవాలి. 9వ శతాబ్దంలో టిబెట్‌లో సంఘం చెల్లాచెదురైనప్పుడు గోంగ్పా రబ్సెల్ అనే యువకుడికి దీక్ష ఇవ్వడానికి ముగ్గురు భిక్షువులే దొరికారు. కనీసం ఐదుగురు ఉండాలి. ఇద్దరు చైనా భిక్షువులను పిలిచి కోరం నింపారు. ఈ సంగతి మళ్లీ అవసరపడుతుంది.

జపాన్ ఒక్కటే మొదటి ప్రశ్నను వదిలేసింది. ధర్మగుప్తక దీక్షను అక్కడికి తీసుకెళ్లాలని చైనా ఆచార్యుడు జియాంజెన్ ఐదుసార్లు సముద్రం దాటబోయి విఫలమయ్యాడు. మధ్యలో చూపు పోయింది. ఆరో ప్రయత్నంలో 753లో చేరాడు. అంత కష్టపడి తెచ్చిన దాన్ని, ఆయన పోయి అరవై ఏళ్లు తిరిగేసరికి హియెయి కొండ మీది ఆచార్యుడు సైచో, ఆయన శిష్యులు పక్కనపెట్టారు. బోధిసత్త్వ వ్రతాలు చాలని వాళ్ల వాదం. 822లో ప్రభుత్వం ఒప్పుకుంది. తర్వాత జపాన్ శాఖలకు ఆద్యులైన హోనెన్, షిన్‌రన్, దోగెన్, నిచిరెన్ అందరూ ఆ కొండ మీద చదువుకున్నవాళ్లే. షిన్‌రన్ బహిరంగంగా పెళ్లి చేసుకున్నాడు. 1872లో మెయిజీ ప్రభుత్వం పూజారులు మాంసం తిన్నా, పెళ్లి చేసుకున్నా తమకు అభ్యంతరం లేదంది. ఇవాళ అక్కడ ఆలయం తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది, మన ఊళ్లలో అర్చకత్వం వచ్చినట్టే.

అంబేడ్కర్ మొదలుపెట్టిన నవయానాన్ని కూడా ఈ మూడు ప్రశ్నలతో చూస్తే దాని కొత్తదనం తెలుస్తుంది. 1956 అక్టోబర్ 14న నాగ్‌పూర్‌లో అంబేడ్కర్‌కు త్రిశరణాలు చెప్పినది కుశీనగర్‌లో ఉండే చంద్రమణి మహాస్థవిరుడు, బర్మా థేరవాద పరంపర భిక్షువు. కానీ ఆ వెంటనే లక్షలమంది చేత అంబేడ్కరే స్వయంగా చెప్పించిన 22 ప్రతిజ్ఞలు ఏ నికాయంలోనూ లేవు. నికాయం ఏది అన్న ప్రశ్నతో ఆయనకు పనిలేదు. ఈ జన్మలో, ఈ సమాజంలో దుఃఖం ఎవరి వల్ల వస్తోంది అని అడిగాడు. అందుకే భిక్షువు లేకపోయినా నడిచే బౌద్ధంగా అది నిలబడింది.

భిక్షుణుల తగాదా

నికాయం పాతకాలపు సంగతి, ఇప్పుడెవరికి పట్టింది అనుకునేవాళ్లు భిక్షుణీ దీక్షల గొడవ చూడాలి. థేరవాద దేశాల్లో భిక్షుణీ సంఘం దాదాపు వెయ్యేళ్ల కిందటే అంతరించింది. స్త్రీకి పూర్తి దీక్ష ఇవ్వాలంటే భిక్షువులతో పాటు భిక్షుణులూ ఉండాలి. ఒక్కసారి తెగితే మళ్లీ ముడివేయడానికి మనుషులుండరు. తైవాన్‌లో, కొరియాలో ధర్మగుప్తక భిక్షుణులు వేలల్లో ఉన్నారు. వాళ్ల సాయం తీసుకోవచ్చు కదా అంటే, వాళ్లది వేరే నికాయం, చెల్లదు అన్నది థేరవాద పెద్దల్లో చాలామంది జవాబు. ఆ స్త్రీలు ఏం నమ్ముతారని ఎవరూ అడగలేదు. ఏ ప్రాతిమోక్షం చదువుతారు అన్నదే తగాదా.

దీనికి ఎదురువాదన 5వ శతాబ్దం నుంచి వచ్చింది. నంది అనే నావికుడి ఓడలో శ్రీలంక భిక్షుణులు చైనాకు వెళ్లారు. 433లో రెండో జట్టు కూడా చేరాక కోరం నిండింది. ఆ మరుసటి ఏడు నాన్‌జింగ్‌లో మూడు వందల మందికి పైగా చైనా స్త్రీలకు దీక్ష జరిగింది. అంటే ఇప్పటి తైవాన్ భిక్షుణులది, ఒకప్పుడు సింహళం నుంచి వెళ్లిన పరంపరే. అప్పు తీసుకున్నవాళ్లు తిరిగి ఇస్తామంటే వద్దంటారేం అన్నట్టుంది వాదన. టిబెటన్ల వైపు నుంచి గోంగ్పా రబ్సెల్ కథనూ ముందుకు తెచ్చారు. పురుషుల దీక్షకు పక్క నికాయం వాళ్లతో కోరం నింపినప్పుడు లేని అభ్యంతరం ఇప్పుడెక్కడిది అని.

1998లో బుద్ధగయలో తైవాన్ సంఘం సాయంతో శ్రీలంక స్త్రీలకు దీక్ష జరిగింది. అదే ఏడు దంబుల్లలో మొదలైన దీక్షలు అప్పట్నుంచి సాగుతున్నాయి. 2022 జూన్‌లో భూటాన్‌లో అక్కడి మతాధిపతి జే ఖెన్పో 144 మంది స్త్రీలకు మూలసర్వాస్తివాద పద్ధతిలో పూర్తి దీక్ష ఇచ్చారు. థాయిలాండ్‌లో మాత్రం, స్త్రీలకు ఏ భిక్షువూ దీక్ష ఇవ్వకూడదన్న 1928 నాటి సంఘ ఉత్తర్వు ఇంకా అమల్లోనే ఉంది. దీక్ష కావాలనుకున్న థాయ్ స్త్రీలు విమానమెక్కి శ్రీలంక వెళ్తున్నారు. 1753లో అదే దీక్ష ఆ దేశం నుంచే శ్రీలంకకు ఓడలో వచ్చింది.